ప్యానెల్‌లో 1,200, స్కాడాలో 7.86 కోట్లు: లెక్క ఎలా కుదిరిందంటే

ప్యాకింగ్ లైన్ పీఎల్‌సీ (యంత్రాన్ని నడిపే కంట్రోలర్) నుంచి మోడ్‌బస్ (పరికరాల మధ్య డేటా పంపే పద్ధతి) మీద స్కాడాకి (యంత్రాల పనిని తెరపై చూపే సాఫ్ట్‌వేర్), అక్కడి నుంచి ఎంఈఎస్‌కి (ఉత్పత్తి లెక్కలు చూసేది), ఆపైన ఈఆర్‌పీకి (కంపెనీ స్టాక్, ఖాతాలు చూసేది) కౌంట్ వెళ్లాలి. ప్యానెల్‌లో 1,200 ఉంటే స్కాడాలో 7,86,43,200 కనిపించేది. ఈఆర్‌పీ ఆ ఎంట్రీని తిప్పికొట్టేది. షిఫ్ట్ మారినప్పుడల్లా టెన్షనే.

కేబుల్ మార్చడం, పోలింగ్ టైం (స్కాడా ఎంతసేపటికోసారి చదవాలనేది) పెంచడం, ఈఆర్‌పీ లాగ్‌లు తిరగేయడం, ఏదీ పనిచేయలేదు.

దారి చూపింది ఒక్క భాగహారం. ఆ పెద్ద అంకెని 65,536తో (16 బిట్లలో పట్టే విలువల సంఖ్య) భాగిస్తే సరిగ్గా 1,200 వచ్చింది. ముందు ఈఆర్‌పీకి ఎంట్రీలు వెళ్లడం (పోస్టింగ్) ఆపాం. తర్వాత మోడ్‌బస్ టెస్ట్ టూల్‌తో, కౌంట్ దాచే రెండు రిజిస్టర్లనీ (పీఎల్‌సీ మెమరీలోని గదులు) విడివిడిగా, 16 బిట్లుగా చదివాను: మొదటిది 1200, రెండోది 0. అంటే పీఎల్‌సీ చిన్న భాగాన్ని ముందు పంపుతోంది, స్కాడా పెద్ద భాగం ముందొస్తుందనుకుంటోంది. ట్యాగ్ సెట్టింగ్‌లో వర్డ్ ఆర్డర్ (రెండు రిజిస్టర్ల వరుస) మాత్రమే తిరగేశాను, బైట్ ఆర్డర్ (ఒక్కో రిజిస్టర్ లోపలి వరుస) ముట్టుకోలేదు. డ్రైవర్ రీస్టార్ట్ చేశాక, కౌంట్ 65,535 దాటేదాకా కాచుకున్నాం. అసలు పరీక్ష అదే, రెండో రిజిస్టర్‌లోకి లెక్క వెళ్లేది అప్పుడే. రెండు రిజిస్టర్లనీ ఒకే రిక్వెస్ట్‌లో చదవాలి, లేదంటే సరిగ్గా ఆ మలుపులో సగం పాతది, సగం కొత్తది రావచ్చు. ఎంఈఎస్‌లో తప్పు అంకెలు సరిచేశాకే పోస్టింగ్ మళ్లీ తెరిచాం.

మోడ్‌బస్‌లో 32 బిట్ల విలువకి వర్డ్ ఆర్డర్ నిర్ణయించలేదు, కంపెనీకో తీరు. కాబట్టి మీకూ ఇదేనని చెప్పలేను. కౌంట్ 65,536 లోపున్నప్పుడు భాగహారంలో శేషం మిగిలితే కారణం వేరే, ముందు రిజిస్టర్ అడ్రస్ ఒకటి అటూఇటూ అయిందేమో చూడండి.