మోకాళ్ల నొప్పుల మీద ప్రాజెక్టా? ముందు కుర్చీ ఎత్తు కొలవండి

ఫిజియోథెరపీ ప్రాజెక్టు అనగానే మనకు ఏ ఎక్సర్‌సైజులు ఇవ్వాలన్నదే టెన్షన్. కొలతల సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంటాం. నేనూ అంతే. మోకాళ్లు అరిగినవాళ్లతో ఆరు వారాలు తొడ కండరాల వ్యాయామాలు చేయించి, కుర్చీలోంచి లేచే పరీక్షలో అందరి నంబర్లూ పెరిగాయని సంబరపడ్డాక తెలిసింది, మొదట వాడింది వరండాలోని ప్లాస్టిక్ కుర్చీ, చివర్లో వాడింది దానికంటే నాలుగు వేళ్లు ఎత్తున్న చెక్క కుర్చీ అని. ఆ మెరుగుదల మోకాళ్లదో కుర్చీదో ఇప్పటికీ చెప్పలేను.

30 సెకన్ల చెయిర్ స్టాండ్ టెస్టుకు, అంటే అరనిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి నిలబడతారో లెక్కపెట్టే పరీక్షకు, సీటు నేల నుంచి సుమారు 43 సెంటీమీటర్లు ఉండాలి, కుర్చీకి చేతులుండకూడదు, జారకుండా గోడకు ఆనించాలి. పేషెంటు చేతులు ఛాతీ మీద కట్టుకుని పూర్తిగా నిలబడితేనే ఒకటి. టైం అయిపోయేసరికి సగానికి పైగా లేచి ఉంటే అదీ లెక్కలోకే వస్తుంది. తొడల మీద చేతులు ఆనించి లేస్తే మాత్రం సున్నా, జాలిపడి రెండో మూడో వేయకండి.

టైమ్డ్ అప్ అండ్ గోకి, అంటే కుర్చీలోంచి లేచి కొంత దూరం నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి ఎంత టైం పట్టిందో చూసే పరీక్షకి, మళ్లీ చేతులున్న కుర్చీ కావాలి. 3 మీటర్ల దగ్గర నేల మీద టేపు అంటించండి. స్టాప్‌వాచ్ నొక్కాల్సింది మీరు 'వెళ్లండి' అన్నప్పుడు, పేషెంటు లేచినప్పుడు కాదు. తిరిగొచ్చి కూర్చున్నాక ఆపాలి. రోజూ వేసుకునే చెప్పులతోనే, కర్ర వాడేవాళ్లు కర్రతోనే.

ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడుస్తారో చూసే నడక పరీక్షకు 30 మీటర్ల కారిడార్ దొరికితే మంచిది. పక్కన నడవకండి, పెద్దవాళ్లు మొహమాటానికి మీ వేగంతోనే నడిచేస్తారు. నిమిషానికోసారి చెప్పే ప్రోత్సాహం మాట కూడా అందరికీ ఒకటే ఉండాలి. ఆయాసమొస్తే ఆగనివ్వండి, వాచీ మాత్రం ఆపకండి. కూర్చున్నప్పుడే పల్స్ 120 దాటినా, బీపీ 180/100 దాటినా డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు.

అసలు తలనొప్పి ప్రశ్నావళులతోనే. కీళ్ల అరుగుదల ఉన్నవాళ్లను అడిగే వోమాక్ (WOMAC) ప్రశ్నావళిలో 24 ప్రశ్నలు: నొప్పి మీద 5, బిగుతు మీద 2, మిగతా 17 రోజువారీ పనుల మీద. వాడాలంటే అనుమతి తీసుకోవాలి. ఇంగ్లీషు కాగితం చూస్తూ నోటికొచ్చిన తెలుగులో అడగకండి, ఒకరిని 'పట్టేసిందా' అని, ఇంకొకరిని 'బిగుసుకుపోయిందా' అని అడిగితే అవి రెండు వేర్వేరు ప్రశ్నలే. నొప్పి పదికి ఎంతమ్మా అంటే "నీకు తెలీదా తల్లీ, ఎంతో ఒకంత రాసుకో" అంటారు. రాసుకోకూడదు. పక్కనున్న కోడలు చెప్పిన నంబరూ వేయకూడదు. సున్నా అంటే అస్సలు లేదు, పది అంటే ఇంతకు మించి ఊహించలేనంత అని ఓపిగ్గా మళ్లీ చెప్పాలి.

వ్యాయామం చేయించినవాళ్లే కొలవకండి, మీ పేషెంట్లను కొలవమని మీ ఫ్రెండుకు చెప్పండి, ఎవరు ఏ వ్యాయామం గ్రూపులో ఉన్నారో చెప్పకుండా. ఆ పూట నొప్పి మాత్ర వేసుకున్నారా అనేది కూడా రాయించండి.

ఇదంతా ఎథిక్స్ కమిటీకి వెళ్లేముందే తేల్చుకోవాలి. 2018 ఏప్రిల్ నుంచి సీటీఆర్‌ఐలో (మన దేశంలో క్లినికల్ ట్రయల్స్‌ను నమోదు చేసే రిజిస్ట్రీ) మొదటి పేషెంటును చేర్చుకోకముందే రిజిస్టర్ చేయాలి, ప్రధానంగా దేన్ని కొలుస్తారు, ఎప్పుడెప్పుడు కొలుస్తారు అని ఆ ఫారంలోనే అడుగుతారు.