కంపెనీ చట్టం, సేవా సంస్థల చట్టం: ఒకే క్లాసులో రెండూ చెప్పాలంటే

కంపెనీ చట్టం పేపరు మొదటిసారి చేతికొచ్చినప్పుడు చాలామంది చేసే పనే నేనూ చేశాను. సెమిస్టరంతా వాటాదారులు, డైరెక్టర్లు, విలీనాలు అని చెప్పుకుంటూ పోయి, లాభాపేక్ష లేని సంస్థల సంగతి చివరి రెండు వారాలకు నెట్టేశాను. అప్పటికి పిల్లలకు పరీక్షల టెన్షన్, ఎవరి చెవికీ ఎక్కలేదు. ఈ రెండు చట్టాలనూ మొదటి రోజు నుంచి పక్కపక్కన పెట్టి చెప్తే ఒకటి అర్థం కావడానికి ఇంకోటి సాయం చేస్తుందని తర్వాత తెలిసొచ్చింది. ఈ కోర్సు కొత్తగా చెప్పబోయేవాళ్ల కోసం, నేనిప్పుడు ఎలా చెప్తున్నానో రాస్తున్నా.

మొదటి రోజు నిర్వచనాలు వద్దు. బోర్డు మీద ఒకే ప్రశ్న రాయండి: సంస్థను నడిపేవాళ్లు తప్పు చేస్తే అడిగేదెవరు? కంపెనీ అయితే జవాబు వెంటనే వస్తుంది. వాటాదారుడు ఓటేస్తాడు, కోర్టుకెళ్తాడు, విసుగొస్తే వాటాలు అమ్ముకుని వెళ్లిపోతాడు. సేవా సంస్థకు వాటాదారుడే లేడు. దాత డబ్బిచ్చి వెళ్లిపోయాడు, సాయం అందుకునేవాడికి లెక్కలడిగే హక్కు చాలాచోట్ల ఉండదు. మరి ఎవరు? ఇక్కడ మీరు నోరు కట్టేసుకోవాలి, కష్టమే అయినా. జవాబు మీరే చెప్పేస్తే సెమిస్టరంతా లాక్కురావాల్సిన దారం మొదటి గంటలోనే తెగిపోతుంది.

సంస్థ వేరు, మనిషి వేరు అనేదానికి ఇంగ్లండ్‌లో 1897 నాటి సాలమన్ కేసు చాలు. తోలు బూట్ల వ్యాపారి ఒకాయన తన వ్యాపారాన్ని కంపెనీగా మార్చి 20,007 వాటాల్లో 20,001 తన దగ్గరే ఉంచుకుని, మిగతా ఆరూ భార్యకూ పిల్లలకూ తలా ఒకటి ఇచ్చాడు. అయినా కంపెనీ అప్పులు ఆయన సొంత అప్పులు కావని తేల్చారు. దీనికి ఒక గంట చాలు, ఎక్కువ సాగదీయకండి.

ఆ వెంటనే ఒక అపోహ తీసేయాలి. లాభాపేక్ష లేని సంస్థ అంటే లాభం రాకూడదనే అర్థంతో క్లాసులో సగం మంది కూర్చుని ఉంటారు. మిగులు ఎంతైనా రావచ్చు, దాన్ని నడిపేవాళ్లు పంచుకోకూడదు, అంతే. అమెరికాలో న్యాయశాస్త్ర పండితుడు హెన్రీ హ్యాన్స్‌మన్ 1980లో ఈ పంచుకోకూడదన్న నియమాన్నే కేంద్రంగా పెట్టి ఇలాంటి సంస్థలు ఎందుకు పుడతాయో వివరించాడు: సేవ ఎలా ఉందో డబ్బిచ్చినవాడు స్వయంగా చూసుకోలేనప్పుడు, మిగిలింది ఎవరి జేబులోకీ పోదన్న భరోసా కావాలి. ఈ మాట పట్టుబడితే మిగతా పాఠం సులువవుతుంది.

సంస్థ దేనికోసం ఉంది అనే పాఠానికి 1919 నాటి ఫోర్డ్ కార్ల కంపెనీ కేసు తీసుకోండి. పది శాతం వాటా ఉన్న డాడ్జ్ సోదరులు డివిడెండ్ (లాభంలో తమ వంతు) కోసం కోర్టుకెళ్తే మిషిగన్ సుప్రీంకోర్టు ఇమ్మంది, ఫ్యాక్టరీ విస్తరణను మాత్రం ఆపలేదు. ఈ రెండో సగం చాలామంది చెప్పరు, మీరు చెప్పండి. దాని పక్కన మార్చ్ ఆఫ్ డైమ్స్ కథ పెట్టండి. 1938లో పోలియో మీద పోరాటానికి పుట్టిన సంస్థ అది. 1955లో టీకా వచ్చింది. 1958లో ఆ సంస్థ పుట్టుకతో వచ్చే లోపాల వైపు మళ్లింది. ఆశయం నెరవేరాక ఆ సంస్థను మూసేయాలా? పోలియో కోసమని ఇచ్చిన డబ్బును ఇంకోదానికి వాడొచ్చా? క్లాసు రెండుగా చీలిపోతుంది, చీలనివ్వండి.

ఇక అసలు పాఠం డైరెక్టర్ల బాధ్యత. దీనికి కనీసం మూడు వారాలు ఉంచుకోండి, మిగతావాటిలో కోసైనా సరే. అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో 1985 నాటి కేసులో ట్రాన్స్ యూనియన్ అనే కంపెనీ బోర్డు ఇరవై నిమిషాల నోటి వివరణ విని, రెండు గంటల సమావేశంలో కంపెనీని వాటాకు 55 డాలర్ల లెక్కన అమ్మడానికి ఒప్పుకుంది. తెలుసుకోవాల్సింది తెలుసుకోకుండానే ఒప్పుకున్నారని కోర్టు డైరెక్టర్లను తప్పుపట్టి, వాళ్లే నష్టం భరించాలంది. ఇది చదివించాక 1974 నాటి సిబ్లీ ఆసుపత్రి కేసు ఇవ్వండి. వాషింగ్టన్‌లోని ఆ సేవా ఆసుపత్రి డబ్బు పెద్ద మొత్తంలో వడ్డీ రాని ఖాతాల్లో పడి ఉంది, అదీ కొందరు ట్రస్టీలకు సంబంధం ఉన్న బ్యాంకుల్లో. డబ్బు చూసుకోవాల్సిన కమిటీలు సంస్థ సొంత నియమావళి, అంటే బైలాస్‌లో ఉన్నాయి కానీ ఏళ్ల తరబడి కూర్చోనే లేదు. కేసు వేసింది రోగులు. ట్రస్టీలు బాధ్యత తప్పారని కోర్టు తేల్చింది, కానీ నష్టపరిహారం కట్టించలేదు, పదవుల్లోంచి తీసేయలేదు; సంబంధాలు బయటపెట్టాలని, కొత్తగా వచ్చే ట్రస్టీలు ఈ తీర్పు చదవాలని ఆదేశించింది.

రెండు తీర్పులూ బల్ల మీద పెట్టి అడగండి: అక్కడ డబ్బు కట్టమన్నారు, ఇక్కడ చదవమన్నారు, ఎందుకు? జీతం లేకుండా పనిచేసేవాళ్లను గట్టిగా శిక్షిస్తే రేపు బోర్డులో ఎవరు కూర్చుంటారని కొందరంటారు. రోగుల డబ్బుకు వాటాదారుల డబ్బుకున్న విలువ లేదా అని ఇంకొందరు లేస్తారు. నేను ఈ రెండో పక్షమే, ఆ సంగతి పిల్లలకు చెప్తాను కూడా, కానీ వాళ్ల వాదనలన్నీ విన్నాకే.

మొదటి రోజు ప్రశ్నకు జవాబులు ఇప్పుడు తేవాలి: అమెరికాలో రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి అయిన అటార్నీ జనరల్, ఇంగ్లండ్‌లో సేవా సంస్థలను పర్యవేక్షించే, 1853 నుంచి ఉన్న చారిటీ కమిషన్, అమెరికా సంస్థలు ఏటా పన్ను శాఖకు ఇచ్చే ఫారం 990. ఆ ఫారం ఎవరైనా చూడొచ్చు, పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ల జీతాలు అందులో ఉంటాయి. ఒక్కొక్కరికీ ఒక్కో ఫారం ఇచ్చి అందులో ఏం కనిపించిందో రాసుకురమ్మనండి. వంద పేజీల పాఠం కన్నా అది ఎక్కువ నేర్పుతుంది.

పరీక్షలో డైరెక్టర్ల బాధ్యతలు వివరించుము అని మాత్రం అడగొద్దు. ఒక ఊహా పాఠశాల బోర్డు మినిట్స్ (సమావేశంలో ఏం జరిగిందో రాసుకున్న రికార్డు) రెండు పేజీలు మీరే రాయండి. భవనం కాంట్రాక్టు ఒక ట్రస్టీ తమ్ముడికి వెళ్లింది, ఆ ట్రస్టీ కూడా ఓటేశాడు. ఎవరు, ఎక్కడ, ఏమని అడగొచ్చో రాయమనండి. వాటాదారులు కేసు వేయొచ్చని ఎవరైనా రాస్తే మార్కులు తీసేసి ఊరుకోకండి, పిలిచి మాట్లాడండి. ఆ పొరపాటు ఎక్కడ మొదలైందో వాళ్ల నోటే వింటే, వచ్చే ఏడాది ఏ వారం పాఠం మార్చాలో మీకు తెలుస్తుంది.