టార్పాలిన్లకు, షేడ్‌నెట్లకు ఎండ పరీక్ష చేసే విధానం

టార్పాలిన్లను, షేడ్‌నెట్లను ఎక్కువగా పాలిథిలిన్ అనే ప్లాస్టిక్‌తోనే తయారు చేస్తారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు గాలిలోని ఆక్సిజన్ ఆ ప్లాస్టిక్‌లోని పొడవైన అణు గొలుసులను తెంచుతుంది కాబట్టి, రంగు అంతగా వెలవకముందే బట్ట బలం తగ్గిపోవచ్చు. అందువల్ల కంటిచూపును నమ్మక, తెగే బలాన్ని కొలిచి నిర్ణయించాలి.

ఈ పరీక్షలో బట్ట పట్టీలను ఎండకు బదులుగా అతినీలలోహిత దీపాలున్న పెట్టెలో ఉంచుతారు కాబట్టి, అన్నిటికంటే ముఖ్యమైనది దీపం ఎంపిక. నేలకు చేరే సూర్యకాంతి సుమారు 295 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర మొదలవుతుంది. యూవీఏ-340 ఫ్లోరసెంట్ దీపపు కాంతి అక్కడి నుంచి 365 నానోమీటర్ల వరకు దానికి చాలా దగ్గరగా ఉంటుంది. యూవీబీ-313 దీపంతో ఫలితం త్వరగా వస్తుంది గాని, 295కు దిగువనున్న కిరణాలను కూడా వెలువరించి ఎండలో జరగని రసాయన చర్యలకు దారితీస్తుంది. నాణ్యమైన సరుకును నాసిరకంగా చూపించగల ఆ తొందర ఎవరికీ మేలు చేయదు. నలుపు, తెలుపు బట్టలను ఒకదానితో ఒకటి పోల్చాలంటే జినాన్ దీపమే తగినది, ఎందుకంటే ఫ్లోరసెంట్ కాంతి కింద అవి ఎండలో వలె వేర్వేరుగా వేడెక్కవు.

పడుగు దిశలోను, పేక దిశలోను విడివిడిగా పట్టీలు కత్తిరించాలి. బలం కొలిచిన పట్టీ మళ్లీ పనికిరాదు కనుక ప్రతి దశకు సరిపడా ముందే సిద్ధం చేసి, కొన్నిటిని చీకటిలో భద్రపరచాలి. పొలంలో బాగా మన్నిన బట్ట ఒకటి, త్వరగా చివికిన రకానికి చెందిన కొత్త బట్ట ఒకటి తప్పక వాటి పక్కన ఉంచాలి. ఈ రెండూ లేని పరీక్షను నేను లెక్కలోకి తీసుకోను.

ఇలాంటి దీపాల పరీక్షకు ప్రమాణమైన ఏఎస్‌టీఎం జీ154లో ప్రసిద్ధమైన చక్రం (మళ్లీ మళ్లీ నడిపే వరుస) ప్రకారం 60 డిగ్రీల సెల్సియస్ వద్ద 8 గంటలు కాంతి, 50 డిగ్రీల వద్ద 4 గంటలు చీకటిలో తేమ పట్టించడం జరుగుతుంది. 340 నానోమీటర్ల వద్ద కాంతి తీవ్రత చదరపు మీటరుకు, నానోమీటరుకు 0.89 వాట్లు ఉంటే, ఒక్కో చక్రంలో అదే లెక్కన సుమారు 25.6 కిలోజౌళ్లు పడతాయి. గంటలతో పాటు ఈ మోతాదును కూడా నమోదు చేయాలి. పెట్టెలో అన్ని చోట్లా కాంతి సమంగా ఉండదు కాబట్టి పట్టీల స్థానాలను క్రమంగా మార్చాలి.

ప్రతి దశలో మిగిలిన బలాన్ని చీకటిలో ఉంచిన పట్టీల బలంతో శాతంగా పోల్చి, నమూనాలకు వరుస క్రమం ఇవ్వాలి. ఇన్ని గంటలు ఇన్ని సంవత్సరాలకు సమానమని మాత్రం రాయకూడదు. పొలంలో చల్లే గంధకం, క్లోరిన్ ఉన్న మందులు ఎండ దెబ్బను తట్టుకునేందుకు బట్టలో కలిపే కొన్ని స్థిరీకరణ పదార్థాలను పనిచేయనివ్వవు. దీపాల పెట్టెలో ఆ ప్రభావం కనిపించదు. కనుక అదే రోల్ నుంచి కత్తిరించిన పట్టీలను దక్షిణానికి అభిముఖంగా వాలు చట్రంపై ఆరుబయట బిగించి, వాటి బలాన్నీ కాలక్రమంలో కొలుస్తూ, పెట్టెలోను, ఆరుబయటా నమూనాలు ఒకే క్రమంలో వస్తున్నాయో లేదో చూడాలి.