ఏ బరంపురమో టూల్ వివరణలోనే తేల్చండి

ఏఐ ఏజెంట్ (మన తరఫున పనులు చేసిపెట్టే ఏఐ) తప్పు టూల్ (అది పిలిచి వాడుకునే ప్రోగ్రామ్) వాడుతోందంటే ముందే ప్రాంప్ట్ (దానికి మనం రాసిచ్చే సూచనలు) మీద పడకండి, టూల్‌కి రాసిన వివరణ ఒకసారి చదవండి. ఏజెంట్‌కి మీ కోడ్ కనపడదు కదా, కనపడేది పేరు, వివరణ, ఇన్‌పుట్ స్కీమా (టూల్‌కి ఏ వివరాలు ఏ రూపంలో ఇవ్వాలో చెప్పేది), అంతే. "రైళ్ల వివరాలు ఇస్తుంది" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే మన బరంపురం వాళ్ళకి తిప్పలే: ఒడిశా గంజాం జిల్లాలో మనదొకటి, బెంగాల్ ముర్షిదాబాద్‌లో ఇంకోటి, పైగా మన స్టేషన్ బోర్డు మీద ఉండేది బ్రహ్మపూర్. అందుకే ఇలా రాయండి: "రెండు స్టేషన్ల మధ్య ఇచ్చిన తేదీన నడిచే రైళ్లు చూపిస్తుంది. స్టేషన్ కోడ్ మాత్రమే తీసుకుంటుంది, ఉదాహరణకి బ్రహ్మపూర్‌కి బీఏఎమ్. కోడ్ తెలియకపోతే ముందు స్టేషన్ వెతికే టూల్ వాడాలి. టికెట్ బుక్ చెయ్యదు, పీఎన్ఆర్ చూడదు." ఆ చివరి వాక్యం, అంటే ఏం చెయ్యదో చెప్పడం, చాలామంది ఎగ్గొడతారు, నన్నడిగితే సగం గొడవ అక్కడే. తేదీ ఏ వరసలో ఇవ్వాలో కూడా రాయండి, లేకపోతే 03-04 అంటే ఏప్రిలో మార్చో అది ఊహించుకుంటుంది. ఇంకోటి, రైళ్లు లేనప్పుడు ఖాళీ జాబితా వస్తుందనీ అది ఎర్రర్ కాదనీ చెప్పండి, చెప్పకపోతే ఏజెంట్ అదే టూల్‌ని మళ్ళీ మళ్ళీ పిలుస్తూ కూర్చోవచ్చు.