రాగి కానీలు పులుపులో వేశాక రంగు చెడితే

తిరుపతి వైపు ఇళ్ళల్లో రాగి చెంబు మాసిందంటే చింతపండు, ఉప్పు. పాత కానీల దగ్గరికి వచ్చేసరికి కూడా చెయ్యి అటే పోతుంది. చెంబుకైతే బెంగ లేదు. నాణేనికి మాత్రం పైపొరతో పాటు అచ్చు కూడా కొంత అరుగుతుంది. 1835 నాటి ఈస్టిండియా కంపెనీ పావు అణా లాంటిది ఉండి, అమ్మే ఆలోచన ఉంటే అసలు ముట్టుకోకండి. నాణేలు సేకరించేవాళ్ళు ఏళ్ళ తరబడి పట్టిన గోధుమరంగు పొర చూసే ధర కడతారు. కింద చెప్పేవి ఇంట్లో దాచుకునే వాటికే.

నిమ్మరసంలో వేసినా నలుపు వదల్లేదు

చాలాసార్లు జిడ్డే కారణం. దీపం నూనె అంటి ఉంటే పులుపు రాగిదాకా పోదు. ముందు గిన్నెలు తోమే సబ్బు, గోరువెచ్చని నీళ్ళు. తర్వాత గాజు గిన్నెలో వెనిగరో నిమ్మరసమో పోసి, చిటికెడు ఉప్పు వేయండి. నల్లటి ఆక్సైడ్ ఒకటి రెండు నిమిషాల్లోనే కరగడం మొదలవుతుంది. రాత్రంతా నానబెట్టే పని లేదు.

ముడుపు విప్పిన నాణెం మీద పసుపు మరక

నీళ్ళకీ పులుపుకీ పసుపు లొంగదు. పసుపు, సున్నంతో చేసిన కుంకుమ అయితే నిమ్మరసం తగలగానే ఎరుపు పోయి మళ్ళీ పసుపు పచ్చగా మారుతుంది. అది చూసి మరక పెరిగిందని టెన్షన్ పడొద్దు. దూదిని సర్జికల్ స్పిరిట్‌లో ముంచి అక్షరాల సందుల్లో అద్దండి, వదులుతుంది.

తీశాక గులాబీ రంగు

ఒట్టి రాగి రంగే అది. గాలికి మెల్లగా గోధుమరంగు తిరుగుతుంది. 1942-45 నాటి నికెల్ ఇత్తడి అణా గులాబీగా మారితే మాత్రం వేరే సంగతి. అందులోని జింకు పులుపులోకి దిగిపోయి రాగి పైన మిగిలింది. దానికి విరుగుడు లేదు, ఇత్తడివి పులుపులో వేయకూడదంతే.

కొన్నాళ్ళకు పచ్చ పొడి

అసలు తలనొప్పి ఇదే. పచ్చల్లో రెండు రకాలు. ముదురుగా, నున్నగా, గట్టిగా ఉన్నదాన్ని వదిలేయండి. పళ్ళపుల్లతో గీకితే లేతాకుపచ్చ పొడిలా రాలి, తుడిచాక మళ్ళీ వచ్చేది ప్రమాదం. కడగడంలో మిగిలిన ఉప్పులోని క్లోరైడు తేమతో కలిసి రాగిని తింటూ ఉంటుంది. 1943-47 నాటి చిల్లు కానీల్లో రంధ్రం అంచునే ముందు కనబడుతుంది.

పొడిని పుల్లతో తీసేసి, గ్లాసు నీళ్ళలో చెంచా వంటసోడా కలిపి కాసేపు ఉంచండి. తర్వాత బ్యాటరీ షాపుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్‌లో వేసి, కొన్ని రోజులు నీళ్ళు మారుస్తూ పోండి. ఉప్పగా ఉండే బోరు నీళ్ళతో చివరి కడుగుడు వద్దు, వాటిలోనూ క్లోరైడు ఉంటుంది. మెత్తటి గుడ్డతో అద్ది ఎండలో బాగా ఆరనివ్వండి.

మెరుపు నిలవాలని కొబ్బరినూనె రాస్తారు కొందరు. ఆ నూనె చెడితే పుట్టే ఆమ్లాలకి మళ్ళీ పచ్చటి జిడ్డు పేరుకుంటుంది. నాణేలు దాచే మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లూ అంతే, కాగితం కవరు మేలు.

ఒక్క జాగ్రత్త: నలుపు వదల్లేదని వెనిగర్‌లో బ్లీచింగ్ కలపకండి. క్లోరిన్ వాయువు వస్తుంది.