తుఫానుల కాలానికి ముందు రోడ్డు పక్కన నిలిపే కార్లకు బీమా జాగ్రత్తలు

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈశాన్య రుతుపవనాల వానలకు బంగాళాఖాతంలో పుట్టే తుఫానులు తోడవుతాయి. ఇంట్లో చోటు లేక నెల్లూరు దర్గామిట్ట సందుల్లోనో, ఒంగోలు కర్నూలు రోడ్డు పక్క వీధుల్లోనో కారు నిలుపుకునేవారు సెప్టెంబరులోనే తమ బీమా పాలసీని బయటకు తీసి చూసుకోవాలి. వాయుగుండం వార్త వచ్చాక చూసుకుంటే సాధారణంగా ఆలస్యమైపోతుంది.

బండి కదలనప్పుడు బీమా ఎందుకన్న అభిప్రాయం మన దగ్గర చాలామందికి ఉంది. అది ప్రమాదకరమైన అభిప్రాయం. 1988 మోటారు వాహనాల చట్టంలోని 146వ సెక్షన్ ప్రకారం, బహిరంగ ప్రదేశంలో వాడే ప్రతి ప్రైవేటు వాహనానికీ థర్డ్ పార్టీ బీమా, అంటే మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి పనికొచ్చే బీమా, అమలులో ఉండాలి. ప్రజలకు వచ్చిపోయే హక్కున్న ఏ చోటైనా చట్టం దృష్టిలో బహిరంగ ప్రదేశమే కాబట్టి, మన గేటు ముందరి వీధి కూడా అందులోకే వస్తుంది. ఇక వాడకం అంటే నడపడం మాత్రమే కాదని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. మహారాష్ట్రలో ఒక పెట్రోలు ట్యాంకరు రోడ్డు పక్కన బోల్తాపడి, కొన్ని గంటల తర్వాత పేలి, చుట్టూ చేరినవారు మరణించిన కేసులో, కదలకుండా పడి ఉన్న వాహనం కూడా వాడకంలో ఉన్నట్టేనని తీర్పునిచ్చి, బాధితుల పరిహారపు హక్కును నిలబెట్టింది. నిలిపి ఉన్న కారు తలుపు ఒక్కసారిగా తెరిస్తే సైకిలు మీద పోయే మనిషి పడిపోవచ్చు. వానలో కరెంటు పోయిన రాత్రి, దీపం లేకుండా రోడ్డు మీదకు నిలిపిన కారును మోటారు సైకిలు గుద్దుకోవచ్చు. అటువంటప్పుడు కారు యజమానిదీ కొంత నిర్లక్ష్యమేనని ప్రమాద పరిహారాలను తేల్చే ట్రిబ్యునల్ నిర్ణయిస్తే, పాలసీ లేనివారు ఆ పరిహారాన్ని ఇల్లో పొలమో అమ్మి కట్టవలసి రావచ్చు.

వరద వేళ మరో చిక్కు ఉంది. నీళ్లు వస్తున్నాయని తెలియగానే కారును మెరక మీదకు తీసుకుపోవాలి, అంటే నడపాలి. బీమా లేని బండిని నడిపినా, ఇతరుల చేత నడిపించినా, నడపనిచ్చినా అదే చట్టంలోని 196వ సెక్షన్ కింద మొదటిసారి మూడు నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మళ్లీ దొరికితే జరిమానా 4,000 రూపాయలు. బెంగళూరులోనో గల్ఫ్‌లోనో ఉంటూ, కారు తాళాలు ఊళ్లో బావమరిదికో తమ్ముడికో అప్పగించి వెళ్లిన యజమానులు ఈ సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

పాలసీ చూసేటప్పుడు అందులోని రెండు తేదీలనూ విడివిడిగా చదవాలి, ఎందుకంటే ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు థర్డ్ పార్టీ బీమా మూడేళ్లకు ఒకేసారి తీసుకోవాలి. సొంత కారుకు జరిగే నష్టానికి ఇచ్చే భాగం మాత్రం చాలా పాలసీల్లో ఏడాదికే ముగుస్తుంది. మూడేళ్ల తేదీ ఒక్కటే చూసి నిశ్చింతగా ఉన్నవారికి, వరదలో కారు మునిగినా, గాలికి చెట్టు విరిగి మీద పడినా పైసా రాదు. ఆ భాగం గడువు దాటితే కంపెనీవారు బండిని ఇన్‌స్పెక్షన్ చేశాకే కొత్త పాలసీ ఇస్తారు. తొంభై రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, కూడా పోతుంది.

పూర్తి బీమా ఉన్నా, నీళ్లు చేరిన ఇంజిన్‌ను స్టార్ట్ చేయడం వల్ల కలిగే నష్టాన్ని మామూలు పాలసీ కింద కంపెనీలు సాధారణంగా ఒప్పుకోవు. దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు రక్షణ తీసుకోవాలి. మన జిల్లాల్లో అది వృథా ఖర్చు కాదన్నది నా అభిప్రాయం. 2021 నవంబరులో పెన్నా వరదకు కోవూరు దగ్గర జాతీయ రహదారే తెగిపోయింది. మునిగిన కారులో తాళం తిప్పకుండా, బ్యాటరీ తీగ విప్పించి, నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో తెలిసేలా ఫోటోలు తీసి, వెంటనే కంపెనీకి తెలియజేసి, గ్యారేజీకి లాగించుకుపోవాలి.

నిలిపే చోటు విషయానికొస్తే, నెల్లూరులో మాగుంట లేఔట్, రామలింగాపురం అండర్ బ్రిడ్జిల దరిదాపులను వానల్లో వదిలేయాలి. బహిరంగ ప్రదేశంలో పది గంటలకు మించి గమనించేవారు లేకుండా వదిలిన వాహనాన్ని మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ కింద పోలీసులు తొలగించవచ్చు, ఆ ఖర్చు యజమానిదే. కాబట్టి ఊరు వెళ్లేటప్పుడు నమ్మకమైనవారికి తాళాలతో పాటు పాలసీ ప్రతి కూడా ఇచ్చి వెళ్లాలి. పాత కారు కొన్నవారు పద్నాలుగు రోజుల్లోగా బీమాను తమ పేరుకు మార్చమని కంపెనీకి దరఖాస్తు పెట్టుకోవాలి. లేకపోతే సొంత నష్టం క్లెయిమును కంపెనీ తిరస్కరించవచ్చు.