గద్వాల చీర అమ్మాలంటే ఏ ఫొటోలు పెట్టాలి

గద్వాలలో ఇంటి నుంచే చీరలు అమ్ముతాను. మొదట్లో నెట్‌లో దొరికిన మోడల్ ఫొటోలు పెట్టేదాన్ని. ‘ఫొటోలో రంగు ఇది కాదు కదక్కా’ అంటూ చీరలు వాపసు వచ్చాయి. ఇప్పుడు అమ్మే చీరనే ఉదయం వరండాలో, నేరుగా ఎండ పడని చోట తీస్తాను. ఫ్లాష్ వేయొద్దు, జరీ తెల్లగా మెరిసి అంచు మీది డిజైన్ కనిపించదు.

అన్నిటికంటే ముఖ్యం దగ్గరి ఫొటో. నూలు చీరకు పట్టు అంచు కలిసే చోటు తీయండి. మన చీర గొప్పతనమంతా నూలునీ పట్టునీ కలిపే ఆ కుప్పడం నేతలోనే ఉంది, తెలిసినవాళ్లు జూమ్ చేసి చూసేది అదే. కొంగు పూర్తిగా పరిచి ఇంకొకటి. కట్టుకున్న ఫొటో ఒక్కటి చాలు.

మగ్గం దగ్గర ఫొటో తీస్తే, నేసేవాళ్లను ముందు అడగండి. వాట్సాప్‌లో హెచ్‌డీ నొక్కి పంపండి, లేకపోతే నేత మసకబారుతుంది.